పాలగిన్నె కడిగిన నీళ్ళు

మార్చి 3, మంగళవారం

పొద్దున పాలగిన్నె కడుగుతుంటే చూశాను. రెండోసారి పోసిన నీళ్ళు తెల్లగానూ లేవు, తేటగానూ లేవు. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అంచుల్లో కాస్త నీలం. మా మందు రంగు సరిగ్గా అదే. ఇన్నాళ్ళూ దేనితో పోల్చాలో తెలియలేదు.

"గిన్నెలో ఏం కనిపిస్తోందే, సినిమానా?" అంది అమ్మ, కుట్టుమిషను దగ్గర్నుంచి తల ఎత్తకుండానే.

నా ఉద్యోగం ఆ రంగుని దాచడం. అమ్మమ్మ ఇవాళ మళ్ళీ అడిగింది, ఆసుపత్రిలో నువ్వు చేసేదేమిటని. మళ్ళీ చెప్పాను. కొందరికి పుట్టుకతోనే ఒక జన్యువు తప్పుడు మాట చెప్తూ ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ మాట విని చిన్నమెదడులో కణాలు చచ్చిపోతాయి. నడక తూలుతుంది, చేతిరాత చెదురుతుంది, తర్వాత మాట. మా మందు ఆ జన్యువు నోరు మూయించే సన్నటి పోగు. ఊరికే రక్తంలో వదిలితే మెదడు తన గుమ్మం దాటనివ్వదు. అందుకని కంటికి కనిపించనంత చిన్న కొవ్వు బొట్టులో పెట్టి పంపుతాం.

"నోరు మూయించే మందా? మీ అమ్మకి ఒక బొట్టు పట్రా" అంది అమ్మమ్మ.

మిషను ఆగింది. "ముందు నువ్వు పుచ్చుకో. పనిచేస్తే నాకిద్దువుగాని."

ఇంకా పరీక్షల్లోనే ఉందని, సగంమందికి మందు, సగంమందికి ఉత్త ఉప్పునీళ్ళు ఇస్తామని, ఎవరికేది పడుతోందో వాళ్ళకీ, నర్సుకీ, నడక చూసి మార్కులు వేసే డాక్టరుకీ తెలియకూడదని చెప్పేసరికి అమ్మమ్మ నిద్రపోయింది.

తెలిసింది ఇద్దరికే. మందు తూచి కలిపే మా తూకం సారుకీ, నాకూ. అందుకే మా గదికి గాజు కిటికీ, దానికి రెండు తలుపులు. సిరంజికి గోధుమరంగు తొడుగు, గొట్టం కూడా గోధుమరంగే. మందుని కుదిపితే బొట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. పసిపిల్లని ఎత్తుకున్నట్టు తేవాలి. ఉప్పునీళ్ళనీ అలాగే తేవాలి.

ఇవన్నీ రాస్తున్నది అసలు సంగతి రాయకుండా ఉండటానికే. ఇవాళ కొత్త పేషెంటు వచ్చారు. గోడ పట్టుకుని నడుస్తూ వచ్చారు. కాన్వెంటు బడిలో నాకు అయిదో తరగతి నుంచి పదో తరగతి దాకా రాత, సైన్సు నేర్పిన సిస్టర్.

నేను బల్ల కిందకి వంగిపోయాను.

"ఏం పోయిందమ్మా కింద?" అన్నారు తూకం సారు.

"మూత సార్."

తెలిసినవాళ్ళు పేషెంటుగా వస్తే వెంటనే చెప్పాలని రూలు. రేపు చెప్తాను.

సిస్టర్ పేరు పక్కన మందో, నీళ్ళో నాకు తెలుసు. ఇక్కడ రాయను. కాగితం మీదికి వస్తే ముఖం మీదికి కూడా వస్తుంది.

మార్చి 4, బుధవారం

చెప్పలేదు.

మార్చి 6, శుక్రవారం

చెప్తే నన్ను ఆ పని నుంచి తీసేస్తారు. వేరే ఎవరినో పెడతారు. వాళ్ళు హడావిడి మనుషులైతే? సిస్టర్ సిరంజి నా చేతిమీదుగా వెళ్తేనే మంచిది. నేను జాగ్రత్తగా ఉంటాను. రూలు పెట్టింది జాగ్రత్త కోసమే కదా.

మార్చి 31, మంగళవారం

సిస్టర్ రెండో ఇంజెక్షను. ఆమె వచ్చేసరికి ముఖానికి మాస్కు, నెత్తిన టోపీ, కళ్ళజోడు. దొంగలా ఉన్నాను.

బడిలో ఒకసారి లైబ్రరీ పుస్తకం పోయిందని అబద్ధమాడాను. అది నా సంచిలోనే ఉంది, తిరిగివ్వాలనిపించలేదు. సిస్టర్ సంచి వెతకలేదు. నా ముఖం ఒక్కసారి చూసి, "నీ ముఖానికి తలుపు లేదు మూలబల్లా. వారం చదువుకుని తెచ్చిపెట్టు" అన్నారు. మూల బల్ల మీద కూర్చుని పాఠం కింద పెట్టి కథలు చదివేదాన్ని కాబట్టి ఆ పేరు.

కిటికీ అవతల ఉండే నర్సుని అందరూ చిలక అంటారు. తాను కూడా అంటుంది. సిరంజి అందుకుంటూ, "కిటికీపిల్లా, ఈ సిస్టరమ్మ వింత మనిషే. అందరూ మీ కిటికీలోకి తొంగి చూస్తారు, రంగు ఏమైనా కనిపిస్తుందేమోనని. ఈవిడ మాత్రం కూర్చున్నంతసేపూ గోడ చూస్తుంది" అంది.

హమ్మయ్య అనుకున్నాను.

ఏప్రిల్ 12, ఆదివారం

అమ్మ కొలతల టేపు మెడలో వేసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఏదో అడగబోతోందని తెలిసింది.

"అమ్మలూ, ఎవరైనా ఉన్నారా?"

"ఎక్కడ?"

"ఎక్కడేమిటే? నీ బుర్రలో."

"ఎవరూ లేరమ్మా."

"నెల్లాళ్ళ నుంచి అన్నం కెలుకుతోంది, పుస్తకం తలకిందులుగా పట్టుకుంటోంది. ఇంకా అడుగుతావేమే? ముఖం చూస్తే తెలియట్లా?" అంది అమ్మమ్మ. "కుర్రాడు ఎత్తరి అయితే చాలు. మన ఇంట్లో అటక మీదవి తీసేవాళ్ళు లేరు."

అమ్మ మాత్రం నవ్వలేదు. మంచివాడేనా అని మెల్లగా అడిగింది. మంచివాళ్ళే అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఇద్దరూ చాలా సంతోషపడ్డారు.

ముఖం చూసి సగమే చదవగలరన్నమాట. ఇది గుర్తుంచుకోవాలి.

ఏప్రిల్ 28, మంగళవారం

సిస్టర్ వీల్‌చైర్‌లో వచ్చారు. మోచేతికి కట్టు.

మే 26, మంగళవారం

ఆసుపత్రి వెనక బస్టాపులో సిస్టర్ కనిపించారు. మఠం నుంచి తోడుగా వచ్చిన పిల్ల సిస్టర్ మందుల షాపుకి వెళ్ళినట్టుంది. వాన పడుతోంది. నేను వెనక్కి తిరిగి వెళ్ళిపోబోయాను.

"మూలబల్లా, అక్కడే ఆగు."

ఆమె నా వైపు తిరగలేదు. రోడ్డు మీద పడుతున్న వాననే చూస్తున్నారు.

"గోడకి తిరుగు."

తిరిగాను. ఉద్యోగం చేస్తున్న మనిషిని. సగం చిరిగిన పోస్టరుకి ముక్కు ఆనించి నిలబడ్డాను.

"నువ్వు లోపల ఉన్నావని మొదటిరోజే తెలిసింది. సిరంజి చీటీ మీద టైము రాస్తారు కదా. నడుముకి గీత పెట్టి, తోక లోపలికి తిప్పే ఏడంకె నేను నేర్పినవాళ్ళే రాస్తారు. అందులోనూ అంత భయంభయంగా రాసేది నువ్వొక్కదానివే."

"సిస్టర్, నేను…"

"నువ్వు మాట్లాడకు. నీకు రూలు ఉంటుంది. నాకూ ఉంది, సంతకం పెట్టాను. నీ ముఖం చూశానంటే నాకు పడేది మందో కాదో తెలిసిపోతుంది. తెలిస్తే నన్ను ఇందులోంచి తీసేస్తారు. అందుకే వచ్చిన ప్రతిసారీ ఆ గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాను. మెడ పట్టేసిందే నీవల్ల."

నాకు నవ్వు వచ్చింది. ఆమెకీ వచ్చినట్టుంది, వెనక బెంచీ కిర్రుమంది.

సిస్టర్ మాట నెమ్మదిగా వస్తోంది. ఒక్కో మాటా మెట్టు దిగినట్టు దిగుతోంది.

"అందరూ దేవుడు పిలిచాడని మఠంలో చేరతారు. నన్ను మా నాన్న నడక పంపించింది. ఆయన తర్వాత మా అన్న. నాతో అయినా ఆగిపోవాలనుకున్నాను. అది దేవుడికి కూడా చెప్పలేదు, ఆయనకి తెలుసులే."

పోస్టరు చిరుగుని గోటితో ఇంకాస్త లాగాను.

"బాత్రూములో పడ్డాను. ఈ చిన్నపిల్లలు నన్ను మోయడానికి కాదు మఠంలో చేరింది. వచ్చేటప్పుడు రెండు బస్సులు, పోయేటప్పుడు రెండు బస్సులు. మానేద్దామని ఉంది. మందు సంగతి అడగను. ఒక్కటే అడుగుతాను. రానా, మాననా?"

"రండి" అన్నాను, పోస్టరుతో.

"సరే. వస్తాను. ఇక వెళ్ళు. ఇటు చూడకు."

చూడకుండా వానలో నడిచి వచ్చేశాను.

మే 27, బుధవారం

మొదటి దశ చివరిదాకా ఉన్నవాళ్ళందరికీ రెండో దశలో అసలు మందే ఇస్తారు. ఈ మాట ఒప్పంద పత్రంలోనే ఉంది, సిస్టర్‌కీ తెలుసు. మధ్యలో మానేసినవాళ్ళకి ఇవ్వరు. కాబట్టి మందు పడుతున్నవాళ్ళు అడిగినా, నీళ్ళు పడుతున్నవాళ్ళు అడిగినా నేను "రండి" అనే అంటాను. అది జవాబు కాదు.

మే 28, గురువారం

అది జవాబు కాదు.

జూన్ 23, మంగళవారం

సిస్టర్ గోడ పట్టుకోకుండా నడిచారట. చిలక చెప్పింది. డాక్టరు గది నుంచి ఇంజెక్షను కుర్చీ దాకా, చేతికర్రతో, ఒక్కరే. పరీక్షలో గీయమనే నత్తచుట్టు కూడా ఈసారి చుట్టులాగే ఉందట, పోయినసారి దారపుండ చిక్కుపడ్డట్టు ఉండింది.

"మనసు కుదుటపడితే ఒళ్ళూ కుదుటపడుతుంది" అంది చిలక, ఏదో తెలిసినట్టు.

నేను ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి సిస్టర్ పెట్టెల మీద నంబర్లన్నీ మళ్ళీ చూశాను. మార్చి నుంచీ ఉన్నవన్నీ. నంబర్లు సరిగ్గానే ఉన్నాయి. ఎందుకు చూశానో రాయను.

జులై 5, ఆదివారం

అమ్మ ఎత్తరి కుర్రాడి గురించి అడగడం మానేసింది. అడగకుండా వండుతోంది. అది ఇంకా కష్టంగా ఉంది.

జులై 21, మంగళవారం

మధ్యాహ్నం క్యాంటీనులో చిలక వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నా ప్లేటులోంచి ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

"కిటికీపిల్లా, నీకొక సంగతి చెప్తాను, ఏడవకూడదు."

"ఏమిటక్కా?"

"నువ్వు మాస్కు పెట్టుకుంటావు, టోపీ పెట్టుకుంటావు. కళ్ళు దించుకుంటావు. అన్నీ బాగానే దాస్తావు. కానీ నీ చేతులు చూసుకున్నావా ఎప్పుడైనా?"

చేతులు చూసుకున్నాను.

"మీసాలాయన సిరంజి ఒంటిచేత్తో ఇస్తావు. లారీ డ్రైవరు గారిది రెండు చేతులతో. టీచరమ్మది ఒంటిచేత్తో. రెండు చేతులతో ఇచ్చేటప్పుడు ఊపిరి కూడా బిగపడతావే, నిండు బిందె దించుతున్నట్టు. నాకు రెండో నెలలోనే తెలిసిపోయింది. ఏది మందో, ఏది నీళ్ళో."

క్యాంటీను చప్పుడంతా ఎక్కడో దూరంగా వినిపించింది. ఆమె చెప్పిన ముగ్గురివీ మనసులో సరిచూసుకున్నాను. మీసాలాయన. డ్రైవరు గారు. టీచరమ్మ. ముగ్గురివీ సరిపోయాయి.

"ఎవరికైనా చెప్పావా అక్కా?"

"నోరు ఉంది కానీ బుద్ధి లేదనుకున్నావా? ఎవరికీ చెప్పలేదు. ఆ సిస్టరమ్మకి మాత్రం… చెప్పలేదులే. ఏప్రిల్లో ఆ కట్టుతో వచ్చి మానేస్తానని గొణుగుతుంటే, 'మీరేమీ దిగులు పెట్టుకోకండమ్మా' అన్నాను. అంతే. ఆవిడది నువ్వెప్పుడూ రెండు చేతులతోనే ఇస్తావు కదా."

నేను ఏమీ అనలేదు. ఏమన్నా అది జవాబు అయిపోతుంది.

"చూడు మరి ఎలా నడుస్తోందో ఇప్పుడు!" అంది చిలక. దాని కళ్ళు మెరుస్తున్నాయి. చెడ్డమనిషి కాదు. నా ప్లేటులోంచి ఇంకో ముక్క తీసుకుని వెళ్ళిపోయింది.

అయిదు నెలలు ముఖానికి కాపలా కాశాను.

జులై 22, బుధవారం

తూకం సారుకి చెప్పాను. మొదట చేతుల సంగతి. ఆయన తూకం ఆపి అద్దాలు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

"రంగు దాచాం, గొట్టం దాచాం, పేర్లు దాచాం. చేతులు మర్చిపోయాం" అన్నారు చివరికి. "ఇది నీ ఒక్కదాని తప్పు కాదమ్మా. పక్కనే నిలబడి నేనూ చూడలేదు."

ఆయన తిట్టి ఉంటే రెండోది చెప్పడం తేలికయ్యేది.

"ఇంకొకటి ఉంది సార్. ఆ సిస్టర్ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు."

ఇప్పుడు తిట్టారు. గొంతు పెంచకుండా. "ఈ ముక్క మార్చిలో చెప్పాల్సింది. మూత పడిపోయిందని నాతో వెతికించావు చూడు, ఆ రోజు."

బస్టాపు సంగతి కూడా చెప్పాను. "రండి" అన్నానని. ఆయన అన్నీ రాసి పైకి పంపాలన్నారు. పరీక్షని నడిపే కమిటీ చూస్తుంది. మార్కులు వేసే డాక్టరు వేరే అంతస్తులో ఉంటారు, ఆయనకేమీ తెలియదు కాబట్టి పరీక్ష మొత్తం చెడకపోవచ్చు. కానీ సిస్టర్‌కి తెలిసిందని తేలితే సిస్టర్‌ని తీసేస్తారు. రెండో దశ ఉండదు.

"ఇదంతా చెప్పకుండా ఉంటే బాగుండేదేమో అనిపిస్తోందా?" అన్నారు సారు.

"లేదు సార్."

అబద్ధం. ఆయనకి ముఖాలు చదవడం రాదు. లేక వచ్చేమో.

జులై 27, సోమవారం

కబురు లేదు. చిలకని వేరే వార్డుకి మార్చారు. వరండాలో ఎదురుపడితే పలకరించలేదు.

జులై 30, గురువారం

కబురు లేదు.

ఆగస్టు 4, మంగళవారం

అమ్మకి చెప్పేశాను. మందు, నీళ్ళ సంగతి కాదు. ఎత్తరి కుర్రాడెవరూ లేడని, సిస్టర్ అని, ఆమె జబ్బు అని, నావల్ల ఆమె చోటు పోవచ్చని. అమ్మ నా యూనిఫారం చేతులు పట్టుకుని చూసింది. అంచుల దగ్గర దారం లాగేసి ఉంది. నేనే లాగుతున్నానట, తెలియకుండా.

"ఇవి కూడా చెప్తున్నాయి చూడు" అని కూర్చుని కుట్టింది.

"అయితే అటక మీదవి ఇక నేనే తీసుకోవాలా?" అంది అమ్మమ్మ మంచం మీంచి.

ఆగస్టు 7, శుక్రవారం

ఇవాళ సిస్టర్‌ని పిలిపించి కమిటీ వాళ్ళు అడిగారు. "మీకు పడేది ఏమిటో ఎవరైనా చెప్పారా?" అని.

సిస్టర్ అబద్ధమాడరు. అందుకే నాకు భయం వేసింది.

తూకం సారు కూడా ఆ గదిలో ఉన్నారు. బయటికొచ్చి చెప్పారు. సిస్టర్ కాసేపు ఆలోచించి అన్నారట: "నర్సమ్మ దిగులు పడొద్దంది. మీ కిటికీ లోపలి పిల్ల రమ్మంది. ఒకరిది జాలి, ఒకరిది ప్రేమ అనుకున్నాను. నలభై ఏళ్ళుగా పిల్లలకి నేనూ ఆ రెండే చెప్తున్నాను, దిగులు పడొద్దనీ, రేపు రమ్మనీ. వాటిలో మందు కబురు ఎక్కడుంది?"

మరి మీరు ఏమనుకుంటున్నారు, మీకు పడేది మందా నీళ్ళా అని అడిగారట.

"వానాకాలంలో అయితే మందనుకుంటాను. ఎండల్లో నీళ్ళనుకుంటాను" అన్నారట.

అందరూ నవ్వారట. సిస్టర్ నవ్వలేదట.

ఆగస్టు 12, బుధవారం

సిస్టర్ ఉంటారు.

ఇకనుంచి సిరంజిలన్నీ మూతపెట్టిన ట్రేలో పెట్టి కిటికీలో ఉంచాలి. చేతికి చేతికి ఇవ్వడం లేదు. సిస్టర్ సిరంజి వేరే ఆవిడ చేస్తుంది. మంగళవారాలు నేను కిటికీ దగ్గర ఉండకూడదు. వెనక గదిలో చీటీలు అతికించాలి. అయినా సరే. ఉంటారు.

సెప్టెంబరు 15, మంగళవారం

వెనక గదిలో ఉన్నాను. చేతికర్ర చప్పుడు వినిపించింది. పోయినసారి కన్నా నెమ్మదిగా.

అక్టోబరు 13, మంగళవారం

ఇవాళ మొదటి దశలో ఆఖరి ఇంజెక్షను. సిస్టర్ మళ్ళీ వీల్‌చైర్‌లో వచ్చారట. నత్తచుట్టు మళ్ళీ చిక్కుపడిందట.

నంబర్లు చూడలేదు ఈసారి.

నవంబరు 20, శుక్రవారం

వరండాలో చిలక ఆగింది. "ఏయ్, అన్నం తింటున్నావా?" అంది. తింటున్నానన్నాను. "అబద్ధం" అని నా చేతిలో అరటిపండు పెట్టి వెళ్ళింది.

డిసెంబరు 7, సోమవారం

లెక్కలు తేలాయి. మందు పడ్డవాళ్ళకి జబ్బు పోలేదు, కానీ నడక పాడవడం నెమ్మదించింది. నీళ్ళు పడ్డవాళ్ళకి మామూలు వేగంతోనే పాడైంది. తూకం సారు ఈ రెండు వాక్యాలూ రెండుసార్లు చదివారు. తర్వాత అద్దాలు తీసి తుడుచుకున్నారు.

రేపు గుట్టు విప్పి ఎవరికి వాళ్ళకి చెప్తారు. రేపటి నుంచే రెండో దశ.

డిసెంబరు 8, మంగళవారం

ఇవాళ తొడుగులు లేవు, గోధుమరంగు గొట్టాలు లేవు. నేను మళ్ళీ కిటికీ దగ్గర నిలబడవచ్చు. సిస్టర్ సిరంజి నేనే చేశాను. తూకం సారు ఇటు చూడకుండా, "నువ్వే చెయ్యమ్మా" అన్నారు.

సిస్టర్ డాక్టరు గదిలో చాలాసేపు ఉన్నారు. తలుపు తెరుచుకుంది. పిల్ల సిస్టర్ కుర్చీ తోసుకుంటూ వచ్చింది. కిటికీ ముందుకి వచ్చేసరికి సిస్టర్ చెయ్యెత్తి ఆపారు.

"మూలబల్లా, ఇక ఇటు తిరుగు."

మాస్కు తీసి తిరిగాను.

ఆమె నా ముఖం చాలాసేపు చూశారు. లైబ్రరీ పుస్తకం రోజు చూసినట్టే. చిక్కిపోయారు. కళ్ళు మాత్రం అవే.

"నాది ఎప్పుడూ రెండు చేతులతో ఇచ్చేదానివట. చిలకమ్మ చెప్పింది."

"అవును సిస్టర్."

"ఒక్కసారి కూడా ఒంటిచేత్తో ఇవ్వలేదా?"

"లేదు సిస్టర్."

ఆమె నవ్వడం మొదలుపెట్టారు. మొదట భుజాలు, తర్వాత కుర్చీ. పిల్ల సిస్టర్ కంగారుపడి నీళ్ళు తెచ్చింది. సిస్టర్ వద్దని చెయ్యి ఊపారు, కళ్ళు తుడుచుకున్నారు, మళ్ళీ నవ్వారు.

"ఏదీ, దాని రంగు చూడనీ" అన్నారు.

సిరంజిని కిటికీలోంచి అందించాను. సిస్టర్ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. చెయ్యి వణుకుతుంటే, కుదపకూడదని చెప్పి, కింద నా చెయ్యి పట్టాను. తెల్లగానూ కాదు, తేటగానూ కాదు. అంచుల్లో నీలం.

"పాలగిన్నె కడిగిన నీళ్ళలా ఉందే" అన్నారు.

మార్చి నుంచి అక్టోబరు దాకా సిస్టర్‌కి నేను రెండు చేతులతో ఇచ్చినవీ, తర్వాత ట్రేలో వెళ్ళినవీ, అన్నీ ఉప్పునీళ్ళే.